ఒకే ఈనె కొలత

నా కాళ్ళు చిన్నవి. చిన్నవంటే ముద్దుకు అనే మాట కాదు. ముప్పై దాటిన మనిషికి ఆరో తరగతి పిల్ల చెప్పులు సరిపోయేంత చిన్నవి. పేరంటాల్లో కాళ్ళకు పసుపు రాసే పెద్దావిడలు నా పాదం పట్టుకుని "లక్ష్మీదేవి కాళ్ళమ్మా" అనేవారు. లక్ష్మీదేవికి పరుగు పరీక్ష ఎవరూ పెట్టలేదు కాబట్టి ఆవిడకి బూట్ల సమస్య వచ్చి ఉండదు. నాకు వచ్చింది.

అక్కవీ అవే కాళ్ళు. అక్క నాకంటే మూడేళ్ళు పెద్దదైనా, నాకు పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి ఇద్దరి పాదాలూ ఒకచోటికి వచ్చి ఆగిపోయాయి. నాన్న కొబ్బరికాయలు వలిచే పనికి వెళ్ళేవాడు. ఎప్పుడైనా అమలాపురంలో పని పడితే, మా చెప్పుల కోసం కొబ్బరి చీపురులోంచి ఒక ఈనె లాగేవాడు. అక్కని గుమ్మం ముందు నిలబెట్టి, పాదం పక్కన ఈనె ఆనించి, మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి, మిగిలిన ముక్క గోటితో తుంచేసేవాడు. మా ఊళ్ళో చాలామంది అలాగే చేసేవారు. చెప్పులు తొడుక్కునే మనిషి బజారుకు వెళ్ళక్కర్లేదు, ఆ మనిషి ఈనె వెళితే చాలు. తర్వాత నన్ను పిలిచి అదే ఈనె నా పాదం పక్కన పెట్టేవాడు. ఇసుమంత కూడా తేడా ఉండేది కాదు. "ఒకటే ఈనె, రెండు జతలు" అంటూ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని సైకిలెక్కేవాడు. నాన్న పోయాక కూడా ఆ మాట ఇంట్లో ఉండిపోయింది. అక్కకి సరిపోయింది నాకూ సరిపోతుంది. దాని గురించి ఎవరం రెండోసారి ఆలోచించలేదు.

బావ పోయిన రెండేళ్ళకి అక్క కువైట్ వెళ్ళింది. ఒక పెద్దింట్లో వంటా, ఇంటిపనీ. అక్కకి పిల్లల్లేరు. మా వైపు నుంచి ఆడవాళ్ళు అలా వెళ్ళడం కొత్తేమీ కాదు కాబట్టి ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అమ్మా నేనూ పి.గన్నవరం దగ్గర మా ఊళ్ళోనే ఉన్నాం. నేను ఒక ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పేదాన్ని. ఆ జీతంతో ఇల్లు గడవదని ముగ్గురికీ తెలుసు. బయల్దేరే ముందు అక్క నాతో ఒక మాట అంది.

"నీకు గవర్నమెంటు ఉద్యోగం వచ్చిన్రోజున నేనక్కడ టికెట్టు కొనుక్కుంటానే. అప్పటిదాకా మీరెవరూ నన్ను రమ్మనద్దు."

మేము రమ్మనలేదు. నాలుగో ఏడు కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన పడింది. నా వయసుకు అదే ఆఖరిది. మొదటి రాతపరీక్ష గట్టెక్కాను. తర్వాతది పరుగు. పదహారు వందల మీటర్లు, ఇచ్చిన సమయంలోగా. అది అయితే అక్క ఇంటికొస్తుంది. కాకపోతే అక్కడే ఉంటుంది. ఇలా కాగితం మీద పెడితే పెద్ద విషయంలా ఉంది గానీ, ఆ రోజుల్లో నా బుర్రనిండా ఉన్నది మాత్రం బూట్లే.

అమలాపురంలో ఒక మైదానంలో తెల్లారగట్ల పరుగు నేర్పే మాస్టారి దగ్గర చేరాను. రిటైరైన డ్రిల్లు మాస్టారు. మొదటి రోజు నా కాళ్ళకున్న పట్టీల చెప్పులు వంగి చూశారు.

"ఏమ్మా, ఇటునుంచి ఇటే పేరంటానికి వెళ్తారా?" అని అడిగారు.

"షూస్ కొనుక్కోవాలండి."

"కొనుక్కునే రండి. వాటితో ఈ గట్టి నేల మీద పరిగెడితే పరీక్షదాకా మోకాళ్ళుండవు."

"ఆయ్" అన్నాను.

ఆ సాయంత్రం అమ్మని వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళాను. మొదటి షాపాయన "పాపకాండీ?" అని మా వెనక్కి చూశాడు. నాకేనని చెప్పాను. ఆయన నా కాళ్ళు చూసి, పెట్టెలు చూసి, మళ్ళీ నా కాళ్ళు చూశాడు.

"జెంట్స్‌లో ఆరు నుంచి మొదలండి. లేడీస్‌లో నాలుగుందండి. మీకది కూడా కొంచెం పెద్దే."

నాలుగు తెప్పించాడు. గులాబిరంగు, పక్కన పువ్వు, అడుగు అప్పడంలా ఉంది. రెండు చేతుల్తో పట్టుకుని వంచితే మడతపడింది. ఆడవాళ్ళ కాళ్ళు చిన్నవైతే వాళ్ళు పరిగెత్తరని ఎక్కడో ఎవరో తీర్మానించి ఉండాలి.

"వాకింగ్‌కి బ్రహ్మాండంగా ఉంటాయండి" అన్నాడు.

"నేను పరిగెత్తాలండి."

"పరిగెత్తకూడదనేం లేదండి" అన్నాడు చాలా మర్యాదగా.

రెండో షాపులో మగవాళ్ళ ఆరో నంబరు బూట్లిచ్చి, ముందు భాగంలో దూది కూరుకోమన్నారు. పెళ్ళికొడుకులు చాలామంది అలాగే చేస్తారట. పెళ్ళికొడుకు మండపం దాకా నడిస్తే సరిపోతుంది, నేను మైదానం చుట్టూ తిరగాలి అని చెప్పి బయటికొచ్చాను. మూడో షాపులో పిల్లల బూట్లు చూపించారు. తెల్లటివి, కాలు నేలకు ఆనినప్పుడల్లా మడమ దగ్గర ఎర్రలైటు వెలిగేవి. పొడవు సరిపోయింది. అన్ని షాపుల్లోనూ కలిపి పొడవు సరిపోయిన జత అదొక్కటే.

"లైట్లు ఆపడం కుదరదాండీ?"

"బ్యాటరీ అయిపోతే అవే ఆగిపోతాయండి."

అమ్మ వంగి, బూటు ముందు భాగం మీద బొటనవేలితో నొక్కింది. మా చిన్నప్పట్నుంచీ అమ్మ చేసే పరీక్ష అది. కాలివేలికీ బూటు కొసకీ మధ్య ఒక బొటనవేలు పట్టాలి. పట్టకపోతే ఏడాది తిరక్కుండా బిగుతైపోతాయని అమ్మ లెక్క.

"బొటనవేలు పట్టట్లేదే. ఎదిగే కాళ్ళు" అంది.

"అమ్మా, ఈ వయసులో ఇంకేం ఎదుగుతాయి?"

"ఏవో, ఎవరు చూసేరు" అంది అమ్మ. షాపాయన పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఆ జతే తీసుకున్నాం.

ఇంకా వెలుతురు రాని వేళ ఆ బూట్లతో పరిగెత్తడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మైదానంలో అందరూ నన్ను చూసి దారిచ్చేవారు. "బండొస్తంది, తప్పుకోండి" అని ఎవరో ఒకరు అనేవారు. దానికి నేనూ నవ్వేదాన్ని. నవ్వలేని సంగతి వేరే ఉంది. నా కాలు పొడవులో పిల్లకాలే గానీ వెడల్పులో కాదు. పుట్టిన దగ్గర్నుంచి వట్టికాళ్ళతోనో హవాయి చెప్పులతోనో చేలగట్ల మీద తిరిగిన కాలు. జారకుండా నిలబడాలంటే వేళ్ళు విప్పి నేలని పట్టుకోవాలి, అలా పట్టుకుని పట్టుకుని వేళ్ళు విడిపోయాయి. బూటు చేసినవాళ్ళకు అదెలా తెలుస్తుంది. దానికి తోడు ఆ అడుగు ఒక పిల్ల బరువుకు చేసింది, నేను అడుగేసినప్పుడల్లా నేల దెబ్బ నేరుగా మోకాలికి తగిలేది. వారం తిరక్కుండా రెండు చిటికెనవేళ్ళూ బొబ్బలెక్కాయి. ఒక గోరు నల్లబడింది.

అక్క వీడియో కాల్ చేసినప్పుడు కాలికున్న కట్టు కనబడింది.

"కాలికదేంటే?"

చెప్పాను. లైట్ల సంగతి విని చాలాసేపు నవ్వింది. నవ్వు ఆపాక, "నేను పంపుతానుండు. ఇక్కడ మాల్లో లేని సైజుండదు. మంచివి చూస్తాను" అంది.

"ఈనె కొలిచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో పెడతాను."

"కొలతెందుకే? కాళ్ళు నా దగ్గర లేవేంటి. తొడుక్కుని చూసి మరీ కొంటాను."

అదీ నిజమే అనిపించింది. అమ్మ కూడా పక్కనుంచి "ఒకటే ఈనె కదా" అంది. ఫొటో పెట్టలేదు.

కువైట్ నుంచి సెలవు మీద వచ్చే ఒకావిడ చేత అక్క బూట్లు పంపింది. ఆవిడది ఓడలరేవు. ఒక ఆదివారం అమలాపురం దాకా బస్సులోనూ, అక్కణ్ణుంచి ఆటోలోనూ వెళ్ళాను. ఇంటినిండా చుట్టాలు, విప్పిన పెట్టెలు, చాక్లెట్లు. ఆవిడ నాకు టీ ఇచ్చి, పొట్లం చేతిలో పెట్టి, "మీ అక్కగారు మూడు షాపులు తిరిగి కొన్నారండి. తనకున్న ఒక్క సెలవురోజూ దీనికే పెట్టేరు" అంది. ఆటోలో తిరిగొస్తూ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. విప్పి చూడాలని చాలా అనిపించింది గానీ ఇంటిదాకా ఆగాను.

అవి మంచి బూట్లు. ముదురు నీలం. చేతిలో పట్టుకుంటే బరువే లేదు. అడుగు మందంగా, నొక్కితే లోపలికి దిగి మళ్ళీ లేచింది. వేళ్ళ దగ్గర వెడల్పు కూడా ఉంది. తొడుక్కుని లేసులు బిగించి నిలబడ్డాను. మడమ వెనక నా రెండు వేళ్ళు దూరాయి.

"వదులు మంచిదే" అంది అమ్మ సంతోషంగా.

రెండేసి సాక్సులు వేసుకున్నాను. షాపులో చెప్పిన దూది సలహా కూడా చివరికి పాటించాను. ఏం చేసినా అడుగడుగునా మడమ పైకి లేచేది, బూటు కింద ఉండిపోయేది. మలుపు దగ్గర కాలు ఒకవైపు, బూటు ఒకవైపు తిరిగి చీలమండ మడతపడింది. మాస్టారు వచ్చి వంగి చూశారు.

"ఎవరి షూస్ అమ్మా ఇవి?"

"నావేనండి."

"మీ కాళ్ళు వీటిలో అద్దెకున్నట్టున్నాయి" అన్నారు.

నాలుగు రోజులు కుంటుకుంటూ బడికి వెళ్ళాను. పరీక్ష దగ్గర పడుతోంది. అక్క మీద కోపం వచ్చింది. కొలత పెడతానంటే వద్దంది. మూడు షాపులు తిరిగి కొన్నది ఇదా అనుకున్నాను. చీపురులోంచి ఈనె లాగి నా పాదం కొలిచి తుంచాను. దాన్ని బూటులో అడుగున పరిచి చూశాను. కొసన రెండువేళ్ళ ఖాళీ. ఆ ఈనె చేత్తో పట్టుకునే అక్కకి ఫోన్ చేశాను.

"ఏ సైజు కొన్నావే? రెండు వేళ్ళు వదులున్నాయి."

"అదేంటే, షాపులో తొడుక్కు చూసేను కదా. అటూ ఇటూ నడిచేను కూడా. నా కాలికి కుట్టినట్టున్నాయి."

చేతిలో ఈనె ఉంది. అక్క ముఖం ఫోన్‌లో ఉంది, వెనక తెల్లటి వంటింటి గోడ. నాలుగేళ్ళుగా నేను చూసింది ఆ ముఖం, ఆ గోడ.

"అక్కా, ఒకసారి ఫోన్ కిందకి తిప్పు."

"ఎందుకు?"

"నీ కాళ్ళు చూపించు."

"కాళ్ళేం చూస్తావే." నవ్వింది గానీ ఫోన్ కదల్లేదు. "ఇక్కడ నేలంతా రాయి కదా. పొద్దుట్నుంచీ నిలబడే పని. కొంచెం చదునయ్యి పరుచుకున్నాయి, అంతే. మేడమ్ పిలుస్తంది, ఉంటాను."

ఫోన్ పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. అక్క ఎలా ఉందని అడిగినప్పుడల్లా బాగున్నానే అంది, ముఖం చూసి మేమూ నమ్మాం. ముఖం అబద్ధమాడగలదు. అక్క కాళ్ళు మాత్రం ఏమీ దాచుకోకుండా తమ కొలత తామే పెట్టెలో పెట్టి పంపించాయి. అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. షాపువాళ్ళు సైజు మార్చి కట్టేశారని చెప్పాను. బూట్లలోంచి దూది తీసేసి, తుడిచి, పెట్టెలో పెట్టి బీరువా మీదకి ఎక్కించాను. అవి అక్కవి. అక్క వచ్చి తొడుక్కోవాలి.

ఆ తర్వాత బూట్ల వ్యవహారం హాస్యంగా తీసుకోవడం మానేశాను. సాయంత్రం, పరిగెత్తి వచ్చి పాదాలు కాస్త ఉబ్బాక, గోడకు మడమ ఆనించి, పూర్తి బరువు వేసి నిలబడి కొలిచాను. కూచుని కొలిస్తే కాలు చిన్నదిగా చూపిస్తుంది, పొద్దున్న కొలిస్తే ఇంకా చిన్నది. కుడికాలు ఎడమకాలి కంటే రవ్వంత పెద్దదని అప్పుడే తెలిసింది. నాన్న ఎప్పుడూ ఎడమదే కొలిచేవాడు. వెడల్పు కూడా కొలిచాను. ఆ ఈనెల్ని స్కేలు మీద పెట్టి, ఆన్‌లైన్‌లో నంబర్లు చూడటం మానేసి సెంటీమీటర్లు మాత్రమే చూశాను. ఒక్కో కంపెనీ నాలుగో నంబరు ఒక్కోలా ఉంటుంది గానీ సెంటీమీటరు ఎక్కడైనా సెంటీమీటరే. ఆడవాళ్ళ పరుగు బూట్లలో అతిచిన్నది, వెడల్పు రకం, ఒకటి కనబడింది. మొదట వచ్చిన జత మడమ దగ్గర జారితే వెనక్కి పంపాను. రెండోది ఉంచుకున్నాను. రంగు ఏమంత బాగాలేదు, మట్టిరంగు. అమ్మ బొటనవేలితో నొక్కింది. పట్టింది. పరుగు బూటుకు ముందు అంత ఖాళీ ఉండాలని మాస్టారు కూడా అన్నారు, అడుగు పడినప్పుడు కాలు ముందుకి జరుగుతుందట. ఎదిగే కాళ్ళ సంగతి మాత్రం ఆయన అనలేదు.

అమలాపురం వెళ్ళని రోజుల్లో మా కాలవగట్టు మీద పరిగెత్తేదాన్ని. గేదెల్ని తోలుకెళ్ళేవాళ్ళు మొదట్లో ఆగి చూసేవారు, తర్వాత మానేశారు. పరీక్షరోజు ఎండగా ఉంది. నా ముందు పరిగెత్తిన బ్యాచ్‌లో ఒకమ్మాయి బూటు ఊడిపోయి, దాన్ని అక్కడే వదిలేసి ఒక్క బూటుతో పరిగెత్తి, కొద్దిలో పరీక్ష తప్పింది. నేను గీత దాటినప్పుడు ఇంకా సమయం మిగిలే ఉంది. గొప్పగా పరిగెత్తానని కాదు. పరిగెత్తుతున్నంతసేపూ కాళ్ళు ఉన్నాయన్న సంగతి గుర్తు రాలేదు, అంతే. మిగిలిన రాతపరీక్ష కూడా అయ్యింది. జాబితాలో పేరు వచ్చింది.

అక్క మాట మీద నిలబడింది. కానీ టికెట్టు వెంటనే దొరకలేదు. పనికి ఇంకో మనిషి వచ్చేదాకా మేడమ్ వదలనంది. ఆ మనిషి రావడానికి చాలా నెలలు పట్టింది. బూట్లు పంపి ఏడాది దాటాక, ఒక తెల్లవారుజామున హైదరాబాద్ బస్సు రావులపాలెంలో ఆగితే అక్క దిగింది. నేను ముందుగా కిందకే చూశాను. మగవాళ్ళ రబ్బరు చెప్పులు తొడుక్కుంది. పాదాలు చెప్పుల అంచు దాటి బయటికొచ్చాయి. చీలమండల ఎముకలు కనబడటం లేదు.

"మొహం చూడవేంటే, కిందకి చూస్తావు" అంది.

"ఇవేంటక్కా?"

"విమానంలో కూచుని కూచుని వాచేయి. రెండ్రోజుల్లో లాగేస్తాయి."

ఇంటి ముందు అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడిగింది. ఒక చెంబుతో అయ్యే పని. అమ్మ లోపలికి వెళ్ళి ఇంకో చెంబు తెచ్చి పోసింది, మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెచ్చింది.

ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఏళ్ళ తరబడి నిలబడటం వల్ల అన్నారు, మందులిచ్చారు, పడుకున్నప్పుడు కాళ్ళు ఎత్తులో పెట్టుకోమన్నారు, మెత్తటి బూట్లు తొడుక్కుని రోజూ కాస్త నడవమన్నారు. వారం గడిచింది. వాపు కొంత తీసింది. ఒక పొద్దున్న కాలవగట్టు దాకా నడుద్దామని అక్క అంటే, బీరువా మీది పెట్టె దించి తెచ్చాను.

"ఇవి నీకు పంపినవి కదే. వేసుకోలేదేంటి?"

"నీ కాళ్ళకి చూసి కొన్నావు కదా. నీవే."

అక్క ఒక్క క్షణం నన్ను చూసి గుమ్మం మీద కూచుంది. నేను మెట్టు మీద కూచుని సాక్సు తొడిగి, పాదం బూటులోకి పెట్టాను. తోయవలసి వచ్చింది. బూటు నాలిక పైకి లాగి, లేసులు సర్దాను. అక్క లేచి నిలబడి కిందకి చూసుకుంది.

"చూసేవా, కుట్టినట్టున్నాయి" అంది.

బూటు కొస మీద బొటనవేలితో నొక్కాను. ఖాళీ లేదు. అక్క కాలివేలు బూటు అంచుకు ఆనుకుని ఉంది. ఏడాది కిందట షాపులో అటూ ఇటూ నడిచి చూసుకున్న కాలు కూడా కాదిది. సాయంత్రం కొలవాలి, అక్కని నిలబెట్టి, కొత్త ఈనెతో, అనుకున్నాను.

"ముందు బొటనవేలు పట్టిందా?" అని అమ్మ లోపల్నుంచి అడిగింది.

లేసులన్నీ చివరిదాకా విప్పి, వదులుగా ముడి వేశాను.

"పట్టిందమ్మా" అన్నాను.